నాలుగున్నర సైరన్

రెండు వందల పన్నెండు మందిలో నూట తొంభై ముగ్గురిని అతను నాతో ఒక్క మాటైనా చెప్పకుండా తీసేశాడు. పంతొమ్మిది మందిని మాత్రం ఉంచాడు. ఇది అన్యాయం. మనిషి పోయాడు కదా అని ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

పోయిన సంగతి ఇంద్రేశం మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. కింద ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, పైన ఇతని శ్రద్ధాంజలి. రెండింటి చుట్టూ అవే బంతిపూల బొమ్మలు. వేరే ఫొటో దొరకలేదేమో, కంపెనీ గేటుపాసు మీది బొమ్మనే పెద్దది చేయించారు. గడ్డం కింద పాసు నంబరు సగం తెగి కనిపిస్తోంది. బతికుండగా నా వంక ఎలా చూసేవాడో అలాగే చూస్తున్నాడు, గేజి మీద ముల్లు కదులుతుందా లేదా అన్నట్టు. నాకు ఏడుపు రాలేదు. కోపమైనా రావాలి కదా, అదీ రాలేదు. రావాల్సిందేదో రాక అక్కడే నిలబడిపోయాను.

“ఏం తాతా, ఆటో ఎక్కుతవా, ఫొటో దిగుతవా?” అని షేర్ ఆటో అబ్బాయి కేకేశాడు. ఎక్కాను. వెలిమెలలో దిగాక గానీ తెలియలేదు, నేను పోవాల్సింది పటాన్‌చెరు అని.

తీసేశాడన్న ఆ మనుషులు రక్తమాంసాలున్నవాళ్లు కారు. ముందే చెప్తున్నాను, తర్వాత నవ్వొద్దు. వాళ్లు నా కంప్యూటర్లో ఉన్న మనుషులు.

నేను చదివింది ఏడో తరగతి. మిగతాది నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు మెషీన్లతో వచ్చిన పుస్తకాల్లో నేర్చుకున్నాను. చట్టం యూనియన్ గోడ మీద అంటించిన కాగితాల్లో నేర్చుకున్నాను. కంప్యూటరు అరవై ఆరో ఏట. గుంటూరు వైపు నుంచి మీసాలు రాని వయసులో వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీ టూల్ రూములో చేరాను. టూల్ రూముకు ఎప్పుడూ జనరల్ షిఫ్టే. పొద్దున ఎనిమిదికి లోపలికి, సాయంత్రం నాలుగున్నరకు బయటికి. ముప్ఫయ్యేళ్లూ నా చెవికి ఎక్కింది ఆ ఒక్క సైరనే.

ఆ ఫ్యాక్టరీని మూసేశారు. ఒక రోజు గేటుకు తీసేసినవాళ్ల జాబితా అంటించారు. నూట తొంభై మూడు పేర్లు. మా టూల్ రూము వాళ్లం మాత్రం, నేనూ ఇంకో పంతొమ్మిది మందీ, ఏడాది పైన ఉన్నాం. ఎందుకు? మెషీన్ల బోల్టులు విప్పి లారీలకెక్కించడానికి. వాళ్లు గేటు బయట నిలబడి చూస్తుంటే మేము లోపలికి పోయేవాళ్లం. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తర్వాత మమ్మల్నీ పంపేశారు. ఇప్పుడక్కడ రంగురంగుల రాళ్లు పాతిన లేఔటు. ఆర్చి కూడా కట్టారు.

ఇక ఆట సంగతి. అర్జీలు టైపు చేసుకుందామని సెకండ్ హ్యాండ్ కంప్యూటరు కొన్నాను. దాన్ని ముందు వాడినవాడెవడో అందులో ఒక ఆట వదిలేసి పోయాడు. మంచు కొండలు, కత్తులు, డ్రాగన్లు. మనమొక మనిషిమై ఆ దేశమంతా తిరుగుతూ ఉండాలి. కత్తుల మీద నాకు సరదా లేదు. కానీ ఆ ఆటకు మనకు కావాల్సినవి మనం చేసి అతికించుకోవచ్చట. వాటిని మాడ్‌లంటారు. ఇళ్లు, చెట్లు, మనుషులు, ఏదైనా. ఆ సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టలేదు.

నాలుగేళ్లు పట్టింది. మంచు లేని చోట ఒక మైదానం చూసుకుని మా ఫ్యాక్టరీ గేటు కట్టాను. టైమాఫీసు, క్యాంటీను, నోటీసు బోర్డు కట్టాను. తర్వాత మనుషులు. ఆ ఆటలో దొరికేవాళ్లందరికీ బారెడు గడ్డాలు, చేతుల్లో గొడ్డళ్లు. గొడ్డళ్లు తీసేసి నీలం చొక్కాలు తొడిగాను. గడ్డాలు గీయించడానికే ఏడు నెలలు. సైకిళ్లు చేయడం నాకు చేతకాలేదు. సైకిల్ స్టాండు కట్టాను గానీ అందులో గుర్రాలుంటాయి. ఒక్కొక్కరికీ పేరు పెట్టాను, ఎవరి పేరు వారికి. నాలుగున్నరకు సైరన్ మోగుతుంది, రెండు వందల పన్నెండు మందీ గేటులోంచి బయటికి వస్తారు. నేను ఆటలో గడియారాన్ని సరిగ్గా నాలుగున్నరకు జరుపుకుని గేటు పక్కన నిలబడతాను. అంతే నా ఆట.

కానీ వాళ్లు నడవరు. ఒక అడుగు, ఆగడం. ఇంకో అడుగు, ఆగడం. గోడ క్యాలెండరు కాగితాలు ఒక్కొక్కటే తిప్పినట్టు. ఎందుకో నాకు బోధపడలేదు. లోపల దుమ్ము తుడిచాను, ఫ్యాను పెట్టాను, తిట్టాను. చివరికి మిషన్ను గోనెసంచిలో కట్టుకుని ఇంద్రేశంలో అతని కంప్యూటర్ రిపేరు షాపుకు పట్టుకెళ్లాను.

ఒక్క షట్టరు షాపు. వెల్డింగు షాపుకీ మటన్ కొట్టుకీ మధ్య. అతను బొల్లారంలో మందుల కంపెనీలో ప్లాంట్ ఆపరేటరు. షిఫ్టు లేనప్పుడు మాత్రం షాపు తెరుస్తాడు. షట్టరుకు ఒక రేకు వేలాడదీశాడు. దాని మీద ఎ, బి, సి అని ఏదో ఒక అక్షరం ఉంటుంది. అంటే ఈ వారం అతని షిఫ్టు అది, దాన్ని బట్టి షాపు ఎప్పుడు తెరిచి ఉంటుందో మనమే లెక్కేసుకోవాలి. వచ్చినవాళ్లు ఆ రేకు ముందు వేళ్లు మడుస్తూ నిలబడేవారు. సమయం రాస్తే ఏం పోయిందయ్యా అన్నాను.

“షిఫ్టు రాసినంక టైమెందుకు సార్?” అన్నాడు. అతనికి అది వింతగా కూడా అనిపించలేదు.

మిషన్ విప్పేముందు వెనక వైపు ముక్కు పెట్టి వాసన చూశాడు. తర్వాత అరచెయ్యి కాకుండా చేతి వెనక భాగం ఆనించి వేడి చూశాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. పెళ్లికొచ్చిన పురోహితుడికి ఉన్నంత తంతు.

“ఎన్నొస్తున్నయి?” అన్నాడు.

“ఏమిటి ఎన్ని?”

“ఫ్రేములు సార్. బొమ్మ సెకండుకు ఎన్నిసార్లు మారుతున్నదని. మూలకు నంబరు పెట్టుకోలేదా?”

“నడవటం లేదని కళ్లకు కనపడుతుంటే నంబరెందుకయ్యా?”

“గేజి లేకుంట బాయిలర్ నడిపిస్తరా?”

ముప్ఫయ్యేళ్లు ఫ్యాక్టరీలో చేసిన నన్ను పట్టుకుని అడిగిన మాట అది. అతను ఏదో నొక్కాడు, తెర మీద మూలకు పచ్చటి అంకె వచ్చింది. తొమ్మిది. అరవై వస్తే మనుషులు మనుషుల్లా నడుస్తారట.

“చేయగలవా?” అన్నాను.

“రీడింగ్ సూసి చెప్త.”

ఈ మాట నేను అతని నోట వందసార్లు విని ఉంటాను. అవును అనడు, కాదు అనడు. టీ తాగుతావా అన్నా ఒక క్షణం అలాగే చూసేవాడు.

అతనికో పొడుగాటి రిజిస్టరు. ప్లాంటులో వాడే లాగ్ బుక్కు లాంటిది. గీతలు గీసి, షిఫ్టు, చేసిన పని, రీడింగు, చివర సంతకం అని గడులు. ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. మార్చి, నా మనుషులను గేటులోంచి నడిపించి, అంకె చూసి రాసేవాడు. రాసి, రిజిస్టరు నా వైపు తిప్పేవాడు. నేను చదివి సంతకం చేస్తేనే తర్వాతి పని. నీడలు సగం దూరానికి తగ్గిస్తే పద్నాలుగు. ఒకేసారి రెండు మూడు చెయ్యి, తెములుతుంది కదా అన్నాను.

“రెండు తిప్పితే దేనితోని అయిందో తెల్వది సార్. జెర ఓపిక వట్టున్రి.”

గడ్డి పలచన చేస్తే పద్దెనిమిది. నేను గొణిగాను. “ఇంత గడ్డి ఎవరు కోస్తరు సార్? మీ సైకిల్ స్టాండుల గుర్రాలు కూడ తినలేవు” అన్నాడు. మొహంలో నవ్వు లేదు. ఎగతాళో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. రాళ్ల మీది సన్న గీతలు తీసేస్తే ఇరవై మూడు. “రాయి కాడికి వోయి ముక్కు ఆనిస్తరా మీరు?” అన్నాడు. నేను ఆనిస్తాననే చెప్పాను. ఆ రాళ్లు మా క్యాంటీను ముందరివి. అతను తలూపి, అవి తప్ప మిగతా రాళ్లన్నీ తగ్గించాడు. ఇప్పుడది తల్చుకుంటే ఇంకా తికమకగా ఉంటుంది. క్యాంటీను రాళ్లను వదిలిన మనిషి మనుషులను ఎలా తీసేశాడు?

అతని ఎడమ చేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం నున్నగా, అంటించిన కాగితంలా ఉండేది. ఒకసారి అడిగాను.

“నోటిమాట సార్” అన్నాడు.

“ఏమిటి?”

“నాకంటె ముందు షిఫ్టాయన బస్సెక్కుకుంట చెప్పిండు, వాల్వు బంద్ జేసిన అని. బుక్కుల రాయలే. నేను నమ్మిన.” అంతటితో ఆపి, “ఆ స్క్రూడ్రైవర్ ఇట్లియ్యున్రి” అన్నాడు.

ఇరవై మూడు దగ్గర అంకె ఆగిపోయింది. ఇంకేం మార్చినా కదల్లేదు. అతను చాలాసేపు తెర చూసి అన్నాడు: “మనుషులే సార్ లోడు.”

నా వొళ్లు మండింది. ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను, ఏసీ గదిలో, టై కట్టుకున్న మేనేజరు నోట. “మనుషుల జోలికి మాత్రం వెళ్లకు” అన్నాను. గట్టిగానే అన్నాను, వెల్డింగు షాపువాడు తొంగి చూశాడు.

“రీడింగ్ సూసి చెప్త” అన్నాడు.

తర్వాత రెండు సాయంత్రాలు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మనుషులందరి గురించీ అడిగాడు. తెర మీద ఒక్కొక్కరినీ ఆపి, “ఈయన ఎవరు?” అనేవాడు. నేను చెప్పేవాణ్ని. ప్రెస్ షాపులో చేసేవాడు, పాటలు పాడేవాడు, కూతురి పెళ్లికి మా అందరికీ టవల్స్ పెట్టాడు. ఇవేవీ అతను రాసుకోలేదు. అందరి గురించీ ఒకటే ప్రశ్న.

“ఏ షిఫ్టు?”

“షిఫ్టులు వారం వారం మారతాయి కదయ్యా, నీకు తెలియనిదా?”

“ఆఖరి వారం ఏదుండె?”

జాబితా అంటించిన వారం. ఆ జాబితా సంగతి నేను అతనికి చెప్పలేదు, ఎంతమందిని తీశారో, ఎంతమందిమి మిగిలామో కూడా చెప్పలేదు. చెప్పుకునే విషయం కాదది. మూసేసిన ఫ్యాక్టరీ అని మాత్రం తెలుసు అతనికి. నేను గర్వంగా చెప్తూ పోయాను, ఇతను ఎ, ఇతను సి, ఇతను బి. అంత జ్ఞాపకం నాకు. ముగ్గురి దగ్గర మాత్రం తడబడ్డాను. అతను కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. గంట గడిచినా సరే, నేను గుర్తు తెచ్చుకునేదాకా ఆ కలం దించలేదు.

వారం తర్వాత మిషన్ తీసుకెళ్లమని కబురు పంపాడు. నేను వెళ్లేసరికి అతను షిఫ్టుకు పోవడానికి బస్సు కోసం ప్లాంటు హెల్మెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. “యాభై ఎనిమిది సార్. బుక్కు సదివి సంతకం పెట్టిపోన్రి” అన్నాడు. నేను ఆగలేకపోయాను. తర్వాత పెడతానులే అని మిషన్ ఆటోలో పెట్టుకుని ఇంటికి పట్టుకొచ్చాను.

గడియారం నాలుగున్నరకు జరిపాను. సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. మనుషులు వచ్చారు. ఎంత బాగా నడిచారు! చేతులూపుతూ, భుజాలు కదిలిస్తూ, నీళ్లలో చేపల్లా. పంతొమ్మిది మంది. తర్వాత గేటు మూసుకుంది.

మళ్లీ జరిపాను. పంతొమ్మిది మందే. పేర్లు చూశాను. అందరూ టూల్ రూము వాళ్లే.

ఆ లెక్క అతనికి ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు? ఏ గాయం ఎక్కడుందో తెలుసుకుని అక్కడే వేలు పెట్టినట్టు ఆ నూట తొంభై ముగ్గురినే తీసేశాడు. మావాళ్లనే ఉంచాడు. నీ వాళ్లున్నారు కదా, ఇక పో అన్నట్టు. నకలు పెట్టుకున్నానా అంటే, లేదు. అర్జీలకు కార్బన్ కాపీ ఉంచుకునే నేను, నాలుగేళ్ల పనికి ఉంచుకోలేదు. మళ్లీ కూర్చుని చేద్దామంటే ఆ పేర్లన్నీ వస్తాయా? మొన్న ఆ పాటలు పాడే అతని పేరు నాకు మూడు రోజులు గుర్తు రాలేదు.

ఫోన్ చేశాను. “నా మనుషులేరయ్యా?”

“బుక్కుల రాసిన సార్. వచ్చి సూడున్రి.”

“ఆ ముక్కేదో నోటితో చెప్పలేవా?”

“నోటితోని చెప్ప సార్.”

ఫోన్ పెట్టేశాను. ఫైల్లో ఉంది, వచ్చి చూసుకో అని నాకు ఎన్ని ఆఫీసులు చెప్పలేదు! పోతే ఫైలు ఉండదు, ఫైలుంటే మనిషి ఉండడు. నేను కంప్యూటరు గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టేసి, తెల్లకాగితం తీసుకున్నాను. విషయం: అనుమతి లేకుండా కార్మికులను తొలగించుట గురించి. నాలుగు వీధుల అవతలున్న షాపుకు రిజిస్టరు పోస్టులో పంపాను. ముట్టినట్టు అతని సంతకంతో కార్డు వచ్చింది. జవాబు రాలేదు. రెండోది పంపాను, మూడోది పంపాను. కార్డులొచ్చాయి. ఆ షాపు ముందు నుంచి పోవడం మానేసి, చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డుకు పోయేవాణ్ని. పదకొండు నెలలు అలా తిరిగాను. ఆ తర్వాతే ఫ్లెక్సీ.

ఫ్లెక్సీ చూసిన మూడో రోజు ఆ వీధిలోకి వెళ్లాను. ఎందుకెళ్లానో చెప్పలేను. పరామర్శకని చొక్కా వేసుకున్నాను, దారిలో తగాదాకని మాటలు కూర్చుకున్నాను. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల ఒకావిడ అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుతోంది. అతని భార్య. అంతకుముందు ఒకటి రెండుసార్లు చూశాను, ఆమె కూడా ఏదో కంపెనీలో ప్యాకింగులో చేస్తుంది. షట్టరుకు రేకు ఇంకా వేలాడుతోంది, బి అని.

“ఎవరు గావాలె?” అంది.

“నేను... నా కంప్యూటరు ఇక్కడ...”

“గుర్రాల సైకిల్ స్టాండు సారా?”

తలూపాను.

“మూడు లెటర్లు వంపిన్రు గద మీరు. ఇంట్ల సదివి ఇనిపించిండు. సారు ఎంత మంచిగ రాస్తడో సూడు, కోర్టుల రాసినట్టె ఉన్నది అన్నడు.”

“నవ్వాడా?”

“నవ్వలే. మూడుసార్లు సదివిండు.”

కూర్చుకున్న తగాదా మాటలు ఎటు పోయాయో పోయాయి. అయినా అడిగాను, అడక్కపోతే నేను నేను కాదు. “మరి జవాబు ఎందుకివ్వలేదమ్మా?”

ఆమె చేతిలో వైరు చుట్ట అలాగే పట్టుకుని నా వంక చూసింది. “ఇచ్చిండు గద సార్. బుక్కుల రాసిండు. వచ్చి సూస్తడు, సూసి సంతకం వెడ్తడు అని ఎదురుసూసిండు. ఆ పెద్ద మనిషికి ఒక్క ఫోను గొట్టి చెప్పరాదా అంటె ఇననే ఇనలే. మీరే రాకపోతిరి.”

పెట్టెలో అడుగునుంచి ఆ పొడుగాటి రిజిస్టరు తీసి, పేజీ వెతికి, నా వైపు తిప్పింది. అతను తిప్పినట్టే. చేసిన పని, రీడింగు, అన్నీ నిండి ఉన్నాయి. చివరి గడి ఒక్కటే ఖాళీ. నేను కళ్లజోడు పెట్టుకున్నాను. అతని అక్షరాలు కుదురుగా, గుండ్రంగా, ఎవరికో పొరపాటు జరగకూడదన్నట్టు ఉన్నాయి. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“పెద్దసారు అడుగుతరు, నా మనుషులేరి అని. ఎవ్వర్నీ తీసెయ్యలే. సారు చెప్పిన తీరుగ ఆఖరి వారం ఎవరిది ఏ షిఫ్టో ఆ షిఫ్టుల ఏసిన. జనరల్ షిఫ్టోళ్లు పంతొమ్మిది మంది, నాలుగున్నరకు వస్తరు. ఎ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, బి షిఫ్టు రాత్రి పదింటికి, సి షిఫ్టు పొద్దున ఆరింటికి బయటికి వస్తరు. సారు అన్ని షిఫ్టులోళ్లను ఒక్క సైరన్‌కు బయటికి తెచ్చిన్రు. లోడు అక్కడ వడ్డది. అందరు ఒక్కపారి బయటికొస్తే లోపల మిషన్ల కాడ ఎవరుంటరు? రీడింగు 58. సారు పొద్దున ఆరింటి సంది రాత్రి పదింటి దాక గేటు కాడ నిలబడి ఒక్కొక్కరిని సూసుకోవాలె. అందరు ఉన్నరనుకుంటే ఇక్కడ సంతకం పెట్టాలె.”